ముందు చక్రం గీసిన గీత

స్టేషన్ గోడ గడియారం పదకొండు పది చూపిస్తున్నప్పుడు జనార్ధన్ తిరుపాల్‌ను ఒక ప్రశ్న అడిగాడు. ముసలామెను నువ్వే గుద్దావా అని అడుగుతాడనుకున్న తిరుపాల్‌కు అది వింతగా తోచింది.

"పోతాపోతా బండి నిలపాలంటే నువ్వేం చేస్తావప్పా?"

"బ్రేకు తొక్కుతానన్నా."

"ఏ బ్రేకు?"

"ఎనక బ్రేకే. ముందు బ్రేకు మా ఊర్లో ఎవరమూ పట్టం గదా."

ఆ జవాబు జనార్ధన్ చెవికి ఇంపుగా వినిపించింది. ఆయన ఇరవై రెండేళ్ళ పాటు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి, ఒక రోజు ఏ గొడవా లేకుండా ఆ ఉద్యోగానికి నమస్కారం పెట్టి, ఆదోనిలో తండ్రి నడిపిన పత్తి కొట్టు మేడ మీద డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్న మనిషి. చుట్టూ పుస్తకాలుండాలి, ఎవరికీ అక్కరలేని వివరం ఒకటి చేతికి దొరకాలి, ఆ రోజుకు ఆయనకు ఇంకేమీ అవసరం లేదు. ఈ పూట ఆ వివరం భోజనానికి ముందే దొరికింది.

విషయం ఇది. మంగళవారం ఉదయం ఆదోని - ఎమ్మిగనూరు రోడ్డు మీద, బూదిగుంట మలుపులో, గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని నడిచిపోతున్న ఉచ్చీరమ్మ అనే డెబ్భై ఏళ్ళ మనిషిని మోటారు సైకిలు పడగొట్టింది. తొడ ఎముక విరిగింది. జనం పరుగెత్తుకొచ్చేసరికి అక్కడ ఉన్నది తిరుపాల్ ఒక్కడే. ముసలామె తల అతని ఒళ్ళో ఉంది, బండి పక్కన స్టాండు వేసి ఉంది. తాను వచ్చేటప్పటికే ఆమె పడి ఉందనీ, బ్రేకు తొక్కి నిలిపి లేవనెత్తబోయాననీ అతను చెప్పాడు. నమ్మినవాడు లేడు. ఉచ్చీరమ్మేమో కళ్ళు మూసుకుపోయాయి, ఏమీ తెలియదు అన్న మాట తప్ప రెండు రోజులుగా మరో మాట పలకలేదు.

నేడు గురువారం. తిరుపాల్ మరునాడు ఉదయం తొమ్మిదింటికి బస్సు డ్రైవరుగా శిక్షణకు హాజరు కావాలి. ఆరేళ్ళు ట్రాక్టరు తోలి, రెండు సార్లు పరీక్ష తప్పి, మూడోసారి గట్టెక్కి సంపాదించుకున్న అవకాశం అది. మనిషిని గుద్దిన కేసులో పేరుంటే గేటు దాటనివ్వరు. కాగితంలో నిందితుడి గడి ఇప్పటికి ఖాళీగానే ఉంది. సాయంత్రం నాలుగింటికి దాన్ని నింపేస్తానని ఎస్సై సుధాకర్ ప్రకటించాడు. పొద్దున్నే తిరుపాల్ భార్య దేవక్క జనార్ధన్ మేడ మెట్లెక్కి వచ్చి, ఇదంతా చెప్పి, మీరు మాష్టరు కదా, బండ్ల సంగతి తెలుసు కదా అని మాత్రం అడిగి వెళ్ళింది.

"నీకంటే ముందు పోయిన బండిని చూసినావా?" అని జనార్ధన్ అడిగాడు.

తిరుపాల్ చూపు గోడ మీదికి పోయింది. "నంబరు సూల్లేదన్నా."

ఇద్దరూ బయటికి వచ్చారు. మంగళవారం నుంచీ బండి స్టేషన్ ఆవరణలోనే, గొలుసు కట్టి ఉంది. జనార్ధన్ కుడి చేతి వైపు ముందు బ్రేకు లీవరు నొక్కాడు. అది వేళ్ళతో పాటు మెత్తగా వచ్చి హ్యాండిలుకు తగిలింది. ముందు చక్రం తిప్పి మళ్ళీ నొక్కాడు. చక్రం ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది. కేబులు చివర బిగింపు నట్టు వేలాడుతోంది. దాని మరల్లో నూనె, మట్టి కలిసి గట్టిపడి రాయిలా తయారయ్యాయి.

కారణం తిరుపాల్ చెప్పాడు. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ ఊళ్ళో ఒకడు కొత్త బండి ముందు బ్రేకు గట్టిగా పట్టి పల్టీ కొట్టి దవడ విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచీ బూదిగుంటలో ఒక ఆచారం పుట్టింది. కొత్త బండి వచ్చిన రోజున నిమ్మకాయలు తొక్కించి, టెంకాయ కొట్టి, అక్కడి నుంచి నేరుగా మెకానిక్ హుసేనప్ప దగ్గరికి తీసుకుపోయి ముందు బ్రేకు కేబులు వదులు చేయించడం. ఆ పనికి హుసేనప్ప కూలి తీసుకోడు. అది కూడా పూజలో భాగమే.

"ముందు బ్రేకు మనిషిని పడేస్తాదన్నా," అన్నాడు తిరుపాల్, పసిపిల్లవాడికి నిప్పు గురించి చెప్పే వాడిలా.

"బస్సు తోలే ముందు నీకు నేను ఒక గంట పాఠం చెప్పాలప్పా," అన్నాడు జనార్ధన్.

పన్నెండు ఇరవైకి ఆయన మలుపు దగ్గర తన బండి దిగాడు. సుధాకర్ పనిమంతుడన్న సంగతి అక్కడ తెలిసింది. తారు మీది ప్రతి గుర్తు చుట్టూ సున్నం గీయించి, రాళ్ళు పెట్టించాడు. జనార్ధన్ జేబులోంచి కొలత టేపు తీసి, టోపీ సరిచేసుకుని, రోడ్డు మీద గొంతుక్కూర్చున్నాడు.

గుర్తులు రెండు రకాలుగా ఉన్నాయి. మొదటిది పొడుగాటి నల్ల గీత, యాభై ఎనిమిది అడుగులు. పాము పోయినట్టు కుడికీ ఎడమకూ ఊగి, గడ్డి పరకలు చెదిరి ఉన్న చోటుకు తొమ్మిది అడుగుల ఇవతల ఆగిపోయింది. రెండోది పొట్టిది, ఏడడుగులకు రెండు వేళ్ళు తక్కువ. బాణం వేసినట్టు తిన్నగా ఉంది. ఇసుక పొర మొదలైన చోట చటుక్కున తెగిపోయింది. అది తెగిన చోటు నుంచి తారును చీల్చుకుంటూ మూడు గాట్లు గడ్డి పరకల దాకా పోయాయి. బండి ఎడమ పక్కకు పడి, కాలు పెట్టుకునే కడ్డీ నేలను గీరుకుంటూ జారితే పడే గాట్లవి.

తిరుపాల్ బండి కడ్డీలకు తొడిగిన రబ్బర్ల మీద దుమ్ము తప్ప గీర లేదు. స్టేషన్‌లో అది చూసే వచ్చాడు.

నూరు గజాల దూరంలో ఎల్లమ్మ టీ బంకు ఉంది. ఆమె మొదట తనకేమీ తెలియదంది. తర్వాత జనార్ధన్ రెండో టీ అడిగి, అల్లం బాగా పడిందని మెచ్చుకున్నాక, తెలిసినదంతా వరసగా చెప్పింది. ఇసుక సోమవారం సాయంత్రం ఒక ట్రాక్టరు మలుపులో ఒలకబోసుకుంటూ పోయినది. మంగళవారం ఎమ్మిగనూరు పోయే మొదటి బస్సు ఆరున్నరకు కదిలింది. బస్సు పోయాక పాలు పొంగించి వడకట్టింది. అప్పుడు శబ్దం విన్నది.

"ఏం శబ్దం విన్నావమ్మా?"

"ధబ్బుమనింది. ట్రాక్టరులోంచి మూట పడిందేమో అనుకున్నా. రెండు గ్లాసులు కడిగినా. ఆ తర్వాత కీ... మని పొడుగ్గా అరిసింది టైరు. అప్పుడు భయమేసి ఉరికినా."

"ముందు ధబ్బుమనింది. తర్వాత టైరు అరిచింది. తిరగేసి చెప్పడం లేదు గదా?"

"గ్లాసులు కడిగింది నేను గదప్పా. నాకు తెలీదా?"

జనార్ధన్ ఆ వరుసను పుస్తకంలో రాసుకుంటుండగా జీపు వచ్చి ఆగింది. సుధాకర్ దిగాడు. ముప్పై అయిదేళ్ళ వాడు, ఇంజనీరింగు చదివి పోలీసులో చేరినవాడు. తన చదువు మీదా జనార్ధన్ చదువు మీదా ఒకే రకమైన అనుమానం ఉన్నవాడు.

"మాష్టారూ, బోర్డు మీద గీయాల్సిన గీతలు రోడ్డు మీద కొలుస్తున్నారా?" అన్నాడు.

"ఈ గీతల చుట్టూ సున్నం గీయించింది మీరే కదా. మీరు కాపాడిన సాక్ష్యాన్ని మీకే వినిపించబోతున్నాను."

సుధాకర్ తన లెక్క చెప్పాడు. తిరుపాల్ దూరం నుంచే ముసలామెను చూశాడు, వెనక బ్రేకు తొక్కాడు, అందుకే పొడుగు గీత, బండి ఆగలేదు, చివర్లో ముందు బ్రేకు కూడా పట్టాడు, అందుకే పొట్టి గీత, పడ్డాడు, గుద్దాడు. రెండు గీతలు, ఒకే బండి, ఒకే మనిషి.

జనార్ధన్ శాంతంగా విన్నాడు. ఇటువంటి విద్యార్థులంటే ఆయనకు మొదటి నుంచీ ఇష్టం. తప్పును కూడా క్రమంగా చెబుతారు.

"మీ లెక్కలో ముందు బ్రేకు కావాలి. ఆ బండికి అది లేదు. లీవరు నొక్కి చూశారా?"

"ప్రమాదం తర్వాత వాడే వదులు చేసి ఉండవచ్చు."

"నట్టు మరల్లో మట్టి రాయిలా ఉంది. తిప్పి ఉంటే పొడి రాలాలి. అది ఏళ్ళ నాటి మట్టి. పైగా ఆరూ యాభైకి మనిషి తల ఒళ్ళో పెట్టుకున్నవాడు, ఏడింటికి మీ జీపెక్కినవాడు, పానా ఎప్పుడు పట్టాడు?"

"అయితే పొట్టి గీత పాతది. ఈ మలుపులో రోజూ ఎవడో ఒకడు పడతాడు."

"అది సోమవారం సాయంత్రం పడిన ఇసుక దగ్గర తెగింది, అంటే ఇసుక పడ్డాక గీసినదే. గాట్లు తిన్నగా ముసలామె గడ్డి దాకా వెళ్ళాయి. ఇంకొకటి వినండి. ఎల్లమ్మ ముందు దెబ్బ విన్నది, తర్వాత టైరు చప్పుడు విన్నది. మీ లెక్క ప్రకారం మనిషిని గుద్దేసి, రెండు గ్లాసులు కడిగినంత సేపు ఆలోచించి, అప్పుడు బ్రేకు తొక్కాలి తిరుపాల్."

జీపు డ్రైవరు ముఖం అటు తిప్పుకున్నాడు, నవ్వు కనబడకుండా.

సుధాకర్ ఆ రెండో బండి ఎవరిదో చెప్పగలరా అని సూటిగా అడిగాడు. గీతలు చూపించి కోర్టును ఒప్పించలేమనీ, మనిషి కావాలనీ అన్నాడు. మూడూ నలభైకి ఉచ్చీరమ్మ దగ్గర వాంగ్మూలం తీసుకోవడానికి డాక్టరు అనుమతించాడు. ఆమె అప్పటికీ తెలియదంటే నాలుగింటికి గడిలో తిరుపాల్ పేరు పడుతుంది. ఆ గడువు మాత్రం మార్చనన్నాడు.

జీపు వెళ్ళిపోయాక జనార్ధన్ మళ్ళీ పొట్టి గీత పక్కన కూర్చున్నాడు. ఇందాకటి నుంచీ ఒక సంగతి ఆయన్ను కవ్విస్తోంది.

బ్రేకు పడగానే బండి బరువంతా ముందుకు వంగుతుంది. ముందు చక్రం నేలను అదిమి పట్టుకుంటుంది, వెనక చక్రం తేలికైపోతుంది. అందుకే బండిని నిజంగా నిలిపేది ముందు బ్రేకు. వెనకది తోడు మాత్రమే. నేర్చుకున్నవాడు రెండూ కలిపి పడతాడు, ముందుదాన్ని కొంచెం కొంచెంగా బిగిస్తాడు, బండి నిటారుగా ఉన్నప్పుడే పడతాడు, ఇసుక కనబడితే వేళ్ళు సడలిస్తాడు. నేర్వనివాడు బూదిగుంట వాళ్ళలా వెనకదాన్నే తొక్కి యాభై ఎనిమిది అడుగులు ఊగుతూ పోతాడు. కానీ ఈ పొట్టి గీత ఊగకుండా తిన్నగా ఉంది, అంటే ముందు చక్రం ఒక్కటే బిగుసుకుంది. వెనక చక్రం ఆనవాలు వెంట్రుకంత కూడా లేదు. కాలు బ్రేకు మీద పడనే లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాలును మరిచిపోయి చేతిని మాత్రమే నమ్ముకునే మనిషి ఎవరు?

ఆయన రోడ్డు మీద కూర్చునే రెండు చేతులూ ముందుకు చాచి, లేని హ్యాండిలు పట్టుకుని, రెండు పిడికిళ్ళూ బిగించాడు. కుడి చేతికి ముందు బ్రేకు. ఎడమ చేతికి... మోటారు సైకిలుకైతే క్లచ్చి. గేర్లు లేని స్కూటీకైతే వెనక బ్రేకు.

స్కూటీ మీద నేర్చిన మనిషి రెండు బ్రేకులూ పట్టుకున్నాననే అనుకుంటుంది. ఎడమ చేయి వెనక చక్రాన్ని ఆపుతుందని నమ్ముతుంది. అది మోటారు సైకిలైతే క్లచ్చి నొక్కుకుని ఇంజను పట్టు కూడా వదిలిపోతుంది, భారమంతా ముందు చక్రం మీద పడుతుంది, కింద ఇసుక ఉంటుంది. ఇక పడక ఏం చేస్తుంది?

ఒంటి గంటా నలభైకి ఆయన ఎమ్మిగనూరు అంచున ఉన్న హుసేనప్ప షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. హుసేనప్ప అరవై దాటిన మనిషి. తాను వదులు చేసిన బ్రేకుల గురించి గర్వంగానే చెప్పాడు, బూదిగుంటలో పద్నాలుగు బండ్లు తన చేతి మీదుగానే పోయాయన్నాడు. ఆ బ్రేకులు మనుషులను కాపాడేవనీ, పడేసేది తెలియనితనమేననీ జనార్ధన్ ఓపికగా వివరించాడు. హుసేనప్ప ఒప్పుకోలేదు గానీ, చేతిలో పానా పక్కన పెట్టి విన్నాడు.

"ఆ ఊళ్ళో ముందు బ్రేకు పని చేసే బండే లేదా అప్పా?"

"ఒకటుండాది. అది డిస్కు బ్రేకు. దానికి కేబులుండదు, లోపల ఆయిలుంటాది. దాన్ని వదులు సేసేకి నాకు రాలేదు. పట్టుకోవద్దప్పా అని సెప్పి పంపించినా."

"ఎవరిది?"

"బసవన్నది. ఉచ్చీరమ్మ కొడుకు లేడూ, ఆ బసవన్న."

జనార్ధన్ కళ్ళు షెడ్డు మూల నిలిపి ఉన్న లేత నీలం స్కూటీ మీద పడ్డాయి. వెనక చక్రం విప్పి ఉంది. ఎవరిదని అడిగాడు. అది కూడా ఆ ఇంటిదేనన్నాడు హుసేనప్ప. బసవన్న కూతురు మౌనిక దాని మీదే డిగ్రీ కాలేజీకి వచ్చిపోతుంది. సోమవారం సాయంత్రం పంచరైతే ఇక్కడ వదిలి బస్సెక్కి పోయింది. బుధవారం మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతానంది, ఇంతవరకూ రాలేదు.

ఆయన లేచాడు. ఆదోని ఆస్పత్రికి చేరేసరికి మూడూ ఇరవై అయిదు.

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉచ్చీరమ్మను కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. పక్కన పంతొమ్మిదేళ్ళ అమ్మాయి బత్తాయి ఒలుస్తోంది. ఎండాకాలమైనా పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. ఎడమ మోచేయి కదిలినప్పుడల్లా పెదవి కొరుక్కుంటోంది. జనార్ధన్ తానెవరో చెప్పి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గుద్దినదెవరని అడగలేదు. పాలిటెక్నిక్‌లో మొదటి సంవత్సరం వాళ్ళకు చెప్పినట్టే బ్రేకుల పాఠం చెప్పాడు: ముందు చక్రం చేసే పని, వెనక చక్రం చేసే పని, స్కూటీకి ఎడమ చేతిలో ఉండేదేమిటి, మోటారు సైకిలుకు ఉండేదేమిటి. మలుపులో తాను కొలిచిన గీత పొడుగు చెప్పాడు.

"ఆ మనిషి అజాగ్రత్తగా ఏం పోలేదమ్మా," అన్నాడు చివరికి. "చూసిన వెంటనే రెండు చేతులూ శక్తి కొద్దీ నొక్కింది. చేతులు నేర్చింది చేసినాయి. కాలికి ఎవరూ నేర్పలేదు. అంతే జరిగింది."

బత్తాయి తొన మౌనిక వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

ఉచ్చీరమ్మ కళ్ళు తెరిచింది. "నేనే అడ్డం పోయినానప్పా. ఎవరి తప్పూ లేదు. రాసుకోని పో."

"అవ్వా, ఇంక చాలు," అంది మౌనిక. నాయన తెల్లవారుజామునే పొలం పోయాడనీ, సద్ది ఇచ్చి రావడానికి ఇంట్లో ఉన్న ఆయన బండి తీశాననీ, గేరు బండి మీద అంత దూరం పోవడం అదే మొదటిసారనీ చెప్పింది. మలుపు తిరిగేసరికి ఎదురుగా గడ్డి మోపు కనిపించింది. గడ్డి మోపు కింద ఉన్నది తన అవ్వేనని పడిన తర్వాతే తెలిసింది. "నేను పోనంటే పోనన్నా సార్. ఇంకో బండి వస్తాండాదని, పొమ్మని అవ్వే అరిసింది. నేను పోయినా. అదే నేను సేసిన తప్పు."

గుమ్మం దగ్గర బూటు చప్పుడైంది. సుధాకర్ ఎప్పుడు వచ్చాడో, అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గడియారం సరిగ్గా మూడూ నలభై. అతను లోపలికి వచ్చి, పూర్తి పేరు చెప్పమ్మా అన్నాడు. ఆమె లేచి నిలబడి చెప్పింది. రేపు తండ్రిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు రావాలనీ, లైసెన్సు లేకుండా గేరు బండి నడిపినందుకూ, ఆగకుండా వెళ్ళినందుకూ కేసు తప్పదనీ, తనంతట తాను చెప్పిన సంగతి కూడా కాగితంలో రాస్తాననీ, అతను ఏ భాగాన్నీ పెంచకుండా, ఏ భాగాన్నీ తగ్గించకుండా చెప్పాడు.

"సదువు పోతాదా?" అని ఉచ్చీరమ్మ అడిగింది.

"దీనికి చదువెందుకు పోతుంది అవ్వా? ఎవరు చెప్పారు?"

ఆ ఒక్క భయం మీద ముసలామె రెండు రోజులు నోరు కుట్టుకున్నదని జనార్ధన్‌కు అర్థమైంది. సుధాకర్ మంచం అంచున కూర్చున్నాడు. కాగితం తిప్పి, ఒక్క సందేహం మిగిలిందన్నాడు. ఈ అమ్మాయి వెళ్ళేటప్పటికే తిరుపాల్ బండి వినబడుతోంది కదా, మలుపు తిరగగానే ఈమె వీపయినా కనబడి ఉండాలి కదా, మరి ఏమీ చూడలేదంటాడేమిటని అడిగాడు.

"సూడకుండా ఎట్లుంటాడు నాయనా," అంది ఉచ్చీరమ్మ. "మౌనికా అని పేరు పెట్టి పిలిసినాడు గూడా. పక్కింటి పిల్లోడు, వానికి తెలీదా? నన్ను ఎత్తేటప్పుడు వాని సెయ్యి పట్టుకోని నేనే అడిగినా, ఎవ్వరికీ సెప్పొద్దు నాయనా, బిడ్డ సదువు పోతాదని. సరే అవ్వా అన్నాడు. వాని ఉద్యోగం సంగతి నాకేం తెలుసు? ఈ పొద్దు దేవక్క వచ్చి మంచం కాడ ఏడ్సి పోయినంక తెలిసింది. అప్పటి నుంచీ నోరు తెరుద్దామంటే ఈ బిడ్డ మొగమే అడ్డమొస్తాంది."

జనార్ధన్ చేతిలోని పుస్తకంలో కొలతలు, సమయాలు, రెండు గీతల బొమ్మలు అన్నీ పొందికగా ఉన్నాయి. వాటిలో తప్పు లేదు. ఆ పుస్తకం నిండడానికి నాలుగున్నర గంటలు పట్టింది. అందులో ఉన్నదంతా తెలిసిన మనిషి పదకొండు పదికి తన ఎదుటే కూర్చుని, బ్రేకు గురించి అడిగిన ప్రతిదానికీ చక్కగా జవాబు చెప్పి, ఒక్క ప్రశ్నకు మాత్రం గోడ వైపు చూశాడు. అదీ రేపటి ఉద్యోగం చేజారుతున్నదని తెలిసి. ఆయన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఓడిపోయానన్న బాధ ఏ మూలా తగల్లేదు, హాయిగానే ఉంది.

సుధాకర్ ఫోను తీసి స్టేషన్‌కు కలిపాడు. తిరుపాల్‌ను పంపించేయమనీ, బండి ఇచ్చేయమనీ, గడిలో రాయవలసిన పేరు తాను తెస్తున్నాననీ చెప్పాడు.

"నాయనా, పెట్టేయొద్దు," అని ఉచ్చీరమ్మ చేయి చాపింది. "నేనే సెప్పినానని వానికి సెప్పు. వాడు సెప్పలేదని గూడా సెప్పు."

ఎస్సై ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. తర్వాత తిరుపాల్‌ను ఫోను దగ్గరికి పిలిపించి, ఆ రెండు మాటలూ ఆమె చెప్పిన వరసలోనే, ఆమె యాసలోనే చెప్పాడు.